చేపల అత్తను వెతుక్కుంటూ రుషికొండ దాకా

గాజువాక నుంచి రుషికొండకు వెళ్ళినవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ దారికి మూడు రోజులు పట్టినవాళ్ళం మాత్రం మేమేననుకుంటాను. ఈ దసరా సెలవుల్లో మా వీధిలో ఒకళ్ళు కాశ్మీరు వెళ్ళారు, ఒకళ్ళు ఊటీ వెళ్ళారు, మూడో ఇంటివాళ్ళు తలుపులు వేసుకుని ఇంట్లోనే కూర్చుని, వెళ్ళొచ్చామని చెప్పారు. మేం ఊళ్ళోనే తిరిగాం. రోజూ పొద్దున్న బయలుదేరి, సాయంత్రానికి ఇంటికొచ్చి పప్పు వండుకు తిన్న యాత్ర ఇది. అయినా యాత్ర యాత్రే.

యాత్రికులం ఐదుగురం. నేను ఒకదాన్ని. మా ఆయన రెండో మనిషి. షిఫ్టు డ్యూటీలు చేసి చేసి ఎక్కడ కూర్చోబెట్టినా నిద్రపోగల విద్య సంపాదించాడు. ఏడేళ్ళ మా అమ్మాయి జాను, ఎనిమిది నెలల చంటివాడు, మా అత్తయ్య. నవరాత్రులు కాబట్టి అత్తయ్య నీచు ముట్టదు. ఉల్లిపాయ కూడా ముట్టదు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని మేం మొదట వెళ్ళింది చేపల రేవుకి.

బయలుదేరిన కారణం

సెలవులిస్తూ స్కూలువాళ్ళు పిల్లలకు కృతజ్ఞత నేర్పమని తల్లులకు హోంవర్కు ఇచ్చారు. మీ ఇంటికి మేలు చేసిన ఒకరిని కలవాలి, పిల్ల చేత్తో చేసిన కార్డు ఇవ్వాలి, ధన్యవాదాలు చెప్పాలి, ఆ ఫోటో తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఫోటోలో అందరూ నవ్వుతూ ఉండాలి. దీనికి మార్కులున్నాయి.

రెండో రోజుకే గ్రూపు నిండిపోయింది. ఒకావిడ తమ కారు డ్రైవరుకు కృతజ్ఞత చెప్పింది. ఫోటోలో డ్రైవరు సగం, కారు పూర్తిగా పడ్డారు. ఇంకొకావిడ వీధి ఊడ్చే మనిషిని నిలబెట్టి, వెలుతురు బాగా లేదని మూడుసార్లు చీపురు పట్టించింది. కింద అందరూ దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

"జానూ, మనం ఎవరికి చెబుదామే?" అన్నాను. పాలబ్బాయి పేరో, ఇస్త్రీ అతని పేరో చెబుతుందని, గుమ్మం దాటకుండా పని అయిపోతుందని నా ఆశ.

"సొరచేపల అత్తకి," అంది.

ఆవిడ తప్ప ఇంకెవరైనా ఫరవాలేదనుకున్నాను. ఎందుకో చెబుతాను.

చంటివాడు పుట్టిన కొత్తలో నాకు పాలు పడలేదు. వాడు ఏడుపు, నేను ఏడుపు. మా వీధిలో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఒకావిడ గుమ్మంలోంచి ఆ ఏడుపు విని, మర్నాడు పాలసొర పట్టుకొచ్చింది. "పిట్టు సేసి ఎట్టండి. పాలెందుకు పడవో నానూ సూత్తాను," అంది అత్తయ్యతో. వారానికి రెండుసార్లు తెచ్చేది. అత్తయ్య దాన్ని ఉడకబెట్టి, పైతోలు తీసి, పొడిపొడిగా చిదిపి, ఇంత వెల్లుల్లి వేసి పిట్టు చేసేది. సొర మహిమో, వెల్లుల్లి మహిమో, నాకోసం ఇద్దరు మనుషులు పట్టించుకుంటున్నారన్న ధైర్యమో తెలియదు కాని, పదిహేను రోజుల్లో పాలు పడ్డాయి. చంటివాడు ఒళ్ళు చేశాడు. ఆ తర్వాత కూడా ఆవిడ రోజూ మా వీధికి వచ్చేది, మా ఇంట్లోనే బోణీ.

ఆగస్టులో ఒక శ్రావణ శుక్రవారం, రాత్రంతా ఏడ్చిన చంటివాడు తెల్లారాక కళ్ళు మూశాడు. నేనూ మూశాను. అత్తయ్య గుడికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు మా గుమ్మంలో "సేపలమ్మా!" అని కేక. వాడు లేచి గుక్కపట్టాడు. నేను జుట్టు విరబోసుకుని బయటికొచ్చి, "శ్రావణ శుక్రవారం పూట గుమ్మంలో చేపలేమిటి? బుద్ధుండక్కర్లా? ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు," అన్నాను. పొద్దున్నే బోణీ కాకముందు అలా తిప్పిపంపితే ఆ పూట తట్ట ఖాళీ అవదని వాళ్ళ నమ్మకం. అది తెలిసీ అన్నాను. ఆవిడ మాట్లాడకుండా తట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

చేపలావిడ రావడం లేదేమని మా ఆయన అడిగితే, "మీ అమ్మగారి శ్రావణ మాసం పట్టింపులు తట్టుకోలేక," అని చెప్పాను. ఆయన నమ్మాడు. అత్తయ్య మీద ఏం చెప్పినా నమ్మేలా ఉండటం మా ఇంట్లో కోడలికున్న పెద్ద సౌకర్యం.

కాబట్టి జానుకి ఫోటో కావాలి, నేను ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అసలు చిక్కు వేరే ఉంది. కార్డు మీద "శ్రీమతి" అని రాసి జాను ఆగిపోయింది. ఆవిడ పేరు మాకు తెలియదు. పై వాటా వాళ్ళని అడిగాం, పాలబ్బాయిని అడిగాం, ఇస్త్రీ అతన్ని అడిగాం. "నాకేటి తెలుసు, నాను తినేవోణ్ణి," అన్నాడు మా ఆయన. అత్తయ్య పూజగదిలో సహస్రనామాలు చదువుకుంటోంది. వెయ్యి పేర్లు తెలిసిన మనిషిని ఆ ఒక్క పేరు అడగాలని ఎవరికీ తట్టలేదు.

మొదటి రోజు: చేపల రేవు

ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి మా బృందంలో టికెట్ కొన్నవాడు మా ఆయన ఒక్కడే. డబ్బిచ్చింది నేనొక్కణ్ణే అని కిటికీ పక్కన కూర్చుని, పాత గాజువాక దాటకముందే నిద్రపోయాడు. అత్తయ్య ఆధార్ కార్డు కవరులో, కవరు పర్సులో, పర్సు సంచిలో ఉంటాయి. మూడూ విప్పి కండక్టరుకు చూపించింది. ఆయన వద్దన్నా పక్క సీటువాళ్ళకి కూడా చూపించింది.

రేవులో వేలం మంచి ఊపు మీద ఉంది. ఐసు గడ్డలు, ప్లాస్టిక్ ట్రేలు, బూట్లు లేకుండా వచ్చిన మాలాంటివాళ్ళ కాళ్ళ మీదికి నీళ్ళు. పాటపాడేవాళ్ళు అంకెలు ఎంత వేగంగా చెబుతారంటే, మా ఆయన బుర్ర గోక్కోవడానికి చెయ్యెత్తి ఒక ట్రే కానాగంతలు కొనబోయాడు. అత్తయ్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక్కి వెళ్దామా అంటే, "సూత్తే దోషం లేదమ్మా. తింటేనే దోషం," అంది. అలా ముక్కు మూసుకునే ప్రతి కుప్ప దగ్గరా ఆగింది. "ఆ చందువలు నిన్నటివి," అని నా చెవిలో చెప్పింది. ముక్కు మూసుకున్న మనిషికి అదెలా తెలిసిందో నేను అడగలేదు.

చేపలు ఏరుతున్న ఒకావిడ దగ్గర కూర్చుని మా సమాచారం విప్పాం. పొడుగ్గా ఉంటుంది, చామనఛాయ, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. ఆవిడ తలెత్తింది. ఆవిడ ముక్కుకి రెండు పక్కలా పుడకలున్నాయి. పక్కనున్న నలుగురికీ ఉన్నాయి.

"పేరేటి?" అంది.

"తెలీదండీ."

"ఎన్నాళ్ళు కొన్నారేటి?"

"ఆర్నెల్లు."

"ఆర్నెల్లు సేప తిన్నారు, పేరు తెలీదేటి? మా పడవకాడ కుక్కొకటి తిరుగుతాది, దానికీ పేరెట్టుకున్నాం," అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

మా ఆయన తన తెలివి ఉపయోగించాడు. మా వైపు ఎక్కువగా వినిపించే పేరేదో ఆలోచించి, గొంతెత్తి "అప్పలమ్మా!" అన్నాడు. ఎనిమిది మంది వెనక్కి తిరిగారు. అందులో ఒకావిడ, "ఏటి బావా, అందర్నీ తీసుకెల్తావేటి?" అంది. ఆయన వెళ్ళి పడవలు చూస్తూ నిలబడ్డాడు.

రొయ్యల ధర విన్నాక నాకు కోపం వచ్చింది. మా వీధిలో చెప్పే ధరకి ఇక్కడ దాదాపు సగం. మరీ ఇంత లాభమా అని పైకే అనేశాను. పుడకలావిడ కోప్పడలేదు. నిండు తట్ట నా ముందుకు జరిపి, "ఎత్తి సూడు," అంది. రెండు చేతులా పట్టుకుని మోకాలి దాకా తెచ్చాను. అక్కడి నుంచి నడుము దాకా, నడుము నుంచి నెత్తికి, నెత్తిన పెట్టుకుని రెండు బస్సులు మారి గాజువాక దాకా రోజూ వాళ్ళు మొయ్యాలి. ఆ తర్వాత ధరల సంగతి నేనెత్తలేదు.

గాజువాక వైపు వెళ్ళేవాళ్ళు వన్ టౌన్‌లో ఫలానా కొట్లో అల్యూమినియం తట్ట కొంటారని, అక్కడి ముసలాయన్ని అడగమని ఆవిడే చెప్పింది.

వన్ టౌన్

వన్ టౌన్ సందుల్లో ఆటో ఎదురొస్తే ఇద్దరిలో ఒకరు ఎవరింట్లోకో వెళ్ళి నిలబడాలి. మేం అలా మూడిళ్ళు చూశాం. అల్యూమినియం గిన్నెల కొట్టు నాలుగడుగుల వెడల్పుంది. లోపల తెల్లగడ్డం పెద్దాయన గిన్నె అంచు మీద చిన్న సుత్తితో కొడుతున్నాడు. మేం పుడకల సంగతి ఎత్తుకున్నాం.

"మొహాలు నాకు గుర్తుండవు బేటీ. గిన్నె సంగతి సెప్పండి," అన్నాడు.

గిన్నె ఎలా ఉండేదో గుర్తురాక మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జాను మాత్రం, "అంచు లావుగా ఉంటుంది తాతా. నేను చెయ్యి పెడితే గుచ్చుకోలేదు," అంది.

పెద్దాయన సుత్తి కింద పెట్టాడు. "అంచు రెండు మడతలెయ్యమంటది. ఎందుకమ్మా, బరువెక్కువైపోద్ది అంటే, ఇళ్ళకాడ పిల్లలు సెయ్యెడతారు, తెగుద్ది అంటది. అలా అడిగినామె ఒక్కతే. జాలారిపేట ఆమె."

మాకు టీ తెప్పించాడు. అత్తయ్య నవరాత్రుల నియమాల్లో ఉందని తెలిసి అరటిపళ్ళు తెప్పించాడు. పైసలు తీసుకోలేదు. ఆయనకి కూడా కార్డు ఇస్తానంది జాను. "నాకెందుకమ్మా? ఫోటో కావాలంటే గిన్నెది తియ్యి, అదైతే కదలకుండా ఉంటది," అన్నాడు. నిజంగానే మూడు రోజుల్లో మేం తీసిన వాటిలో చక్కగా వచ్చిన ఫోటో అదొక్కటే.

రెండో రోజు: జాలారిపేట

మా గాజువాకలో ఎవరైనా తలుపు కొడితే ముందు టీవీ ఆపేస్తాం. తర్వాత కిటికీ తెర ఒక అంగుళం జరుపుతాం. జాలారిపేటలో మేం సందు మొదట్లో ఉండగానే సందు చివర కుర్చీలు వేశారు. అయితే కూర్చున్నాకే అసలు ప్రశ్న వచ్చింది.

"ఏ ఆపీసు?" అంది పెద్దావిడ ఒకామె, మా ఆయన చేతిలో కార్డు చూసి.

"ఆఫీసు కాదండీ."

"మరేటి రాసుకుంటన్నారు? సర్వే ఏటి? ఇల్లు లెగ్గొట్టీడానికా?"

థాంక్స్ చెప్పడానికి వచ్చామన్నాను. వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. "థాంక్సుకి ఇంత దూరం ఎవలూ రారు. ఇంకేటో ఉంది," అని తేల్చింది పెద్దావిడ. ఆ క్షణం నుంచి అంచు మడతల తట్ట మనిషి ఎవరికీ తెలియకుండా పోయింది. అలాంటావిడ ఈ పేటలో పుట్టనే లేదన్నారు.

మా పరువు కాపాడింది చంటివాడు. నా చంకలోంచి పెద్దావిడ మీదికి దూకాడు. ఆవిడ ఎత్తుకుని, తొడ నొక్కి చూసి, దుకాణంలో పనసపండు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, "పాలసొర తిన్న తల్లి బిడ్డే," అంది. వాడు చేతులు మారుతూ ఆ సందు ఆ చివరికి వెళ్ళి తిరిగొచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు ఆరబెట్టిన వల మీద పోశాడు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, "వల తడిసింది, ఇంక సేపలే సేపలు," అని నవ్వారు. మాకు అన్నం పెట్టారు. నెత్తళ్ళ పులుసు. మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్తయ్యకు విడిగా పెరుగన్నం పెట్టారు, నవరాత్రులని ఆవిడ చెప్పకముందే.

అప్పటికి నమ్మకం కుదిరింది. మేం వెతికే మనిషి రెండు నెలల కిందట కూతురి పురిటికని రుషికొండ దగ్గర పల్లెకి వెళ్ళి అక్కడే ఉండిపోయిందట. పేరు అడగబోతే చంటివాడు ఏడుపు అందుకున్నాడు. పేరు లేకుండానే బస్సెక్కాం.

పురిటికి వెళ్ళిందంటే నా మాటకి కాదేమోనని బస్సులో కాస్త ఊపిరి తీసుకున్నాను. అంతలోనే, కోపం వచ్చిన మనిషికి పురుడొక వంకేమో అనిపించింది. ఇలా సర్దిచెప్పుకుని మళ్ళీ తవ్వుకోవడమే రెండు నెలలుగా నేను చేస్తున్న పని. దాన్ని మళ్ళీ మొదలుపెట్టాను.

మూడో రోజు: రుషికొండ

మా ఆయన నిద్రపోయి దిగాల్సిన స్టాపు దాటించాడు. ఆయన్ని నమ్ముకుని మేమూ కునికాం. రెండు స్టాపులు వెనక్కి నడిచాం. దారిలో అద్దాల మేడలు, మెళ్ళో ఐడీ కార్డు తాళ్ళు వేసుకున్న కుర్రాళ్ళు, ఒక కాఫీ రెండు వందల అరవై రూపాయలని రాసిన బోర్డు. అత్తయ్య దాని ముందు ఆగింది. "ఆవుని కూడా ఇత్తారేటి?" అంది.

బీచిలో అందరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉన్నారు, ఫోటోల కోసం. మరమరాలు కలిపే మురీ మిక్చరు యాభై రూపాయలు. మా గాజువాకలో ముప్పై. ఇక్కడ నిమ్మకాయ ఎక్కువ పిండుతారని మా ఆయన సమర్థించాడు. ఇద్దరి వాటా ఆయనే తిన్నాడు.

రోడ్డు దాటి పల్లెలోకి వెళ్ళాక నేను ఎవరినైనా అడుగుదామని చూస్తున్నాను. అత్తయ్య ఆగలేదు. మూడు రోజుల్లో మొదటిసారి ముందు నడిచింది. ఎండుచేపలు ఆరబెట్టిన చోట ఎడమవైపు తిరిగింది. గుడేదైనా కనిపించిందేమో అనుకున్నాను. రెండో ఇంటి ముందు నిలబడి, "పోలమ్మా!" అని పిలిచింది.

లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది మా చేపల అత్త.

"అప్పా! నువ్వేటి ఇలగొచ్చీసినావు!" అని సొంత అక్కను పిలిచినట్టు పిలుస్తూ పరుగెత్తుకొచ్చి అత్తయ్య రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ముందు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత కూతురి పురుడు. ఆడపిల్లట. మేం నలుగురం సామాన్లలా పక్కన నిలబడ్డాం. చాలాసేపటికి ఆవిడ నన్ను చూసి, "ఈ పిల్లెవలప్పా? నీ కోడలేటి?" అంది.

అత్తయ్య వైపు తిరిగి, "మీకు ఆవిడ పేరు తెలుసా? ఇల్లు కూడా తెలుసా?" అన్నాను.

"పురిటికెల్తన్నానని రెండు నెల్లకితమే సెప్పింది. గుర్తులు కూడా సెప్పింది, ఎడం పక్క రెండో ఇల్లని."

"మరి మాకు చెప్పలేదేం?"

"నన్నెవలడిగేరు?" అంది అత్తయ్య, తొణక్కుండా. "మొదటి రోజే సెప్పీసుంటే ఆ మద్దినేళకే పనైపోను. నాను మళ్ళీ వంటింట్లో ఉందును. కాపరానికొచ్చి ముప్పయ్యెనిమిదేళ్ళయింది, రేవు సూడ్డం ఇదే మొదలు. వన్ టౌన్ సూసేను, జాలారిపేట సూసేను. ఇంకొక్క రోజు తిప్పుతారేమో అనుకున్నాను కానీ నా కాళ్ళు పడనియ్యలేదు."

మా ఆయన మూడు రోజుల్లో మొదటిసారి పూర్తిగా మేలుకున్నాడు.

జాను కార్డు మీద పేరు రాసి ఇచ్చింది. పోలమ్మ దాన్ని తిరగేసి పట్టుకుంది. నవ్వమంటే, "ఇప్పుడు నవ్వడానికేటి జరిగింది?" అంది. ఫోటోలో ఆవిడ నవ్వలేదు, అత్తయ్య కళ్ళు మూసుకుంది, చంటివాడు ఏడుస్తున్నాడు. దానికి ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలుసు. అయినా అదే పెట్టాను.

అందరూ లోపలికి పోయి పసిపిల్లను చూస్తుంటే, నేను గుమ్మంలో పోలమ్మను ఆపాను. శ్రావణ శుక్రవారం సంగతి చెప్పాను. రెండు నెలలుగా దాచుకున్నదంతా, బోణీ మాటతో సహా. తప్పయిపోయింది, క్షమించు అన్నాను.

ఆవిడ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మొహం చూస్తే తెలుస్తోంది.

"ఏ శుక్కురోరం?" అంది చివరికి. "రోజుకి పదిళ్ళకాడ పొమ్మంటారు తల్లీ. అయ్యన్నీ నెత్తినెట్టుకుంటే తట్టెక్కడెట్టుకోను?"

అని నా భుజం తట్టి లోపలికి వెళ్ళింది, పసిపిల్ల ఏడుస్తోందని. నేను క్షమాపణకు వచ్చాను. ఆవిడకి అసలు కోపమే రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదనిపించింది. నా మాట ఆవిడ విన్న పది మాటల్లో ఒకటి, అంతే.

తిరుగు బస్సు

వెనక సీట్లో జాను వాళ్ళ నాన్న మీద పడి నిద్రపోయింది. ఆయన ఎలాగూ నిద్రే. అత్తయ్య ఒళ్ళో పోలమ్మ ఇచ్చిన ఎండుచేపల పొట్లం ఉంది. నవరాత్రులు వెళ్ళాక తింటానని మాటిచ్చి తీసుకుంది. సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

"ఆవిడతో మీకు అంత స్నేహం ఎప్పుడు కుదిరింది అత్తయ్యా?" అన్నాను.

"రోజూ గుమ్మంలో కూకునేది కదమ్మా. గ్లాసుడు అంబలిచ్చేదాన్ని. ఎండలో అంత దూరం మోసుకొస్తాది."

"నేనెప్పుడూ చూడలేదే. మీరు గుడికెళ్ళిన శ్రావణ శుక్రవారం కేకేసిందని తిట్టి పంపేశాను కూడా."

"నువ్వెలా సూత్తావు? రాత్రంతా గుంటడితో మేలుకుని, పొద్దున్నే కూసింత కన్ను మూసేదానివి. పోలమ్మ మన వీధి మొగలోకి రాగానే కేక ఆపీసేది. పచ్చి బాలింత పడుకుంది, లేపకూడదని. నాను గుమ్మంలో ఉండేదాన్ని, సైగ సేసుకునేవోళ్ళం. మనిల్లు దాటి నాలుగిళ్ళెల్లాకా మళ్ళీ అరిసేది. నాను గుడికెల్లిన రోజు గుమ్మంలో లేనని పిలిసుంటాది."

ఆరు నెలలు. రోజూ. నన్ను నిద్ర లేపకుండా ఇద్దరు ఆడవాళ్ళు నా గుమ్మంలో గుసగుసగా బేరమాడుకున్నారు. ఒకరిని బుద్ధుండక్కర్లా అని తిట్టాను, రెండోవారి మీద ఆ నింద వేశాను. నాకు చాలా సిగ్గేసింది. మా ఆయనకు నేను చెప్పిన మాట అత్తయ్యకు చెప్పేశాను. విని, "అది నాకు తెలుసులే. ఆడు ఆ రోజే అడిగేడు," అంది.

"మరి కాదని చెప్పలేదేం?"

"నీకప్పుడు నిద్రుండీది కాదు," అని నా ఒళ్ళోంచి చంటివాణ్ణి తీసుకుంది. "కాసేపు పడుకో. గాజువాకలో లేపుతాను."

నేను కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు.